అగరబత్తి పుల్లలతో వుడ్‌హెంజ్ – ప్రాజెక్టు డైరీ

మొదటి శనివారం

మేముండేది ఇంగ్లండులో, స్విండన్‌లో. మా పేట లైబ్రరీలో నెలకో బల్ల ఎవరికైనా ఇస్తారు, మనకిష్టమైనది ఏదో ఒకటి ప్రదర్శనకి పెట్టుకోవచ్చు. వచ్చే నెల బల్ల నాదే. వుడ్‌హెంజ్ నమూనా చేస్తానని మాటిచ్చి వచ్చాను. స్టోన్‌హెంజ్ పెద్ద రాళ్ళ వలయమైతే, ఇది నాలుగువేల ఏళ్ళ కిందటి కొయ్య గుంజల వలయాలు; గుంజలు కుళ్ళిపోయి గుంతలే మిగిలాయి. ఇంటికొచ్చి చెప్తే మా ఆయన "స్టోన్‌హెంజ్ అయితే ఆరు రాళ్ళు నిలబెట్టి పని కానిచ్చేద్దువు కదా" అన్నాడు. ఆరు రాళ్ళతో స్టోన్‌హెంజ్ కూడా అవదు లెండి, అది వేరే సంగతి.

వుడ్‌హెంజే ఎందుకంటే, పోయిన ఏడాది చూడ్డానికి వెళ్ళి నిరాశపడి వచ్చాను. స్టోన్‌హెంజ్‌కి మూడు కిలోమీటర్ల దూరంలో పచ్చిక మైదానం, దాని నిండా మోకాలెత్తు కాంక్రీటు దిమ్మెలు. కార్ పార్కింగులో బళ్ళు అడ్డం రాకుండా పాతిన దిమ్మెల్లాగే ఉన్నాయి. టికెట్టు లేదు, గేటు లేదు, గొర్రెలు మేస్తున్నాయి. మావాడు ఒక్కో దిమ్మె ఎక్కి దూకుతూ "ఇదేం గుడి అమ్మా?" అన్నాడు. అప్పటికి నా దగ్గర జవాబు లేదు. ఆ దిమ్మెల్ని పెట్టించిన మనిషి గురించి తెలిశాక మళ్ళీ వెళ్ళాలనిపించింది.

ఆవిడ పేరు మాడ్ కనింగ్‌టన్. 1869లో వేల్స్‌లో పుట్టింది. 1889లో బెన్ కనింగ్‌టన్‌ని పెళ్ళి చేసుకుంది. బెన్ వాళ్ళ ముత్తాత నాటి నుంచీ విల్ట్‌షైర్‌లో పాత దిబ్బలు తవ్వే కుటుంబం. బెన్ డివైజెస్ ఊరి మ్యూజియం చూసుకునేవాడు, జీతం లేకుండా. మట్టిగట్ల తవ్వకాల్లో మాత్రం పెత్తనం మాడ్‌దే, రాసిందీ ఎక్కువగా ఆవిడే. నాప్ హిల్, కాస్టర్లీ, ఆల్ కానింగ్స్ క్రాస్, ఫిగ్స్‌బరీ, యార్న్‌బరీ... ఈ జిల్లాలో ఆవిడ పార తగలని గట్టు తక్కువ.

ఇవాళ చేసిన పని: సామాను లిస్టు. 60 సెంటీమీటర్ల చదరపు థర్మోకోల్ పలక, గాలికి ఆరే బంకమట్టి, ఫెవికాల్, సన్న పుల్లలు.

ఆదివారం

స్కేలు 1:200 పెట్టుకున్నాను. అసలు చోట వలయాల చుట్టూ ఉన్న మట్టిగట్టూ కందకమూ కలిపి ఈ చివర నుంచి ఆ చివరకి 110 మీటర్లు, నా పలక మీద 55 సెంటీమీటర్లు అవుతుంది. గట్టు వెడల్పు సుమారు 10 మీటర్లు, ఇక్కడ 5 సెంటీమీటర్లు. కందకం వెడల్పు 12 మీటర్ల దాకా, ఇక్కడ 6. లోతు 2.4 మీటర్లు, ఇక్కడ 1.2. కందకం లోపల, గట్టు బయట. కోట అయితే కందకం బయట ఉండాలి కదా, శత్రువు అందులో పడాలి కదా. హెంజ్ అంటే తిరగేసిన కోట. ఎవర్నీ ఆపడానికి కట్టింది కాదు. లోపలికి దారి ఒకటే, ఈశాన్యం వైపు.

అత్తయ్య ఈశాన్యం అని విని "వాస్తు చూసే కట్టారన్నమాట" అన్నారు. ఆవిడ ఆరు నెలల వీసా మీద మా దగ్గరే ఉన్నారు. నేను కాదనలేదు. ఈ వలయాల నడిమి గీత ఎండాకాలంలో అతి పొడుగు పగటి రోజు సూర్యుడు లేచే దిక్కుకి ఉందని మాడ్ కూడా రాసింది. అక్కడా ఇక్కడా సూర్యుడొక్కడే.

రెండో శనివారం

లోపలి వలయాలు గియ్యాలి. ఆరున్నాయి, ఒకదాన్లో ఒకటి. మాడ్ వాటికి బయటి నుంచి ఏ, బీ, సీ అని పేర్లు పెట్టింది. గుండ్రంగా ఉండవు, కొంచెం సాగిన గుడ్డు ఆకారం. బయటిది 43 మీటర్లకు 40.

నాకు తెలిసిన పద్ధతి, స్కూల్లో నేర్చుకున్నది: రెండు మేకులు కొట్టి, దారం చుట్టి, పెన్సిల్ బిగించి తిప్పితే కోడిగుడ్డు ఆకారం వస్తుంది. లెక్క వేశాను. నా స్కేల్లో మేకుల మధ్య 7.9 సెంటీమీటర్లు, దారం చుట్టు 29.4. తిప్పితే బయటి వలయం అచ్చుగుద్దినట్టు వచ్చింది. ఉబ్బితబ్బిబ్బైపోయి అవే మేకులతో దారం తగ్గించుకుంటూ లోపలికి వచ్చాను. రెండోది బాగుంది. మూడోది కాస్త సన్నబడింది. నాలుగోది దోసకాయ. అయిదోది చిక్కుడుకాయ. ఆరోది గియ్యడానికే కుదర్లేదు. అసలు ఆ వలయం పొడుగు 12 మీటర్లుంటే ఎక్కువ, నా మేకుల మధ్యే 16 మీటర్లుంది. మేకులు వలయం బయట పడ్డాయి. మావాడు పడీ పడీ నవ్వాడు.

గంటన్నర పోయింది. అత్తయ్య ఒకసారి చూసి, "బయటి గీత గీశావుగా, మెలికల ముగ్గుకి చుట్టూ గీతలేసినట్టు అంతే ఎడంలో లోపల ఇంకో గీత లాగు, మేకులెందుకు?" అన్నారు. అదీ సంగతి. గీతకీ గీతకీ ఎడం ఒక్కటే ఉండాలి, మేకులు కాదు.

ఆ తర్వాత ఎలాగూ ఆ గీతలన్నీ చెరిపేశాను. ఎందుకో రేపు రాస్తాను, నిద్రొస్తోంది.

ఆదివారం

ఎందుకంటే, గుంజల లెక్క. బయటి నుంచి లోపలికి: 60, 32, 16, 18, 18, 12. మొత్తం 156. అరవై గుంజలు కదా, 360ని 60తో భాగిస్తే ఆరు డిగ్రీలు, కోణమానిని పెట్టి చుక్కలు పెట్టేశాను. చూడ్డానికి గడియారంలా ఉంది. ఆ తర్వాత మాడ్ 1929లో వేసిన పుస్తకంలో ప్లాను పక్కన పెట్టి చూస్తే, ఏ రెండు గుంతల మధ్యా ఎడం సరిగ్గా ఒకటి కాదు. కొన్ని దగ్గరగా, కొన్ని దూరంగా, ఒకటి రెండు వరస తప్పి కూడా. ఆవిడ గుంత ఎక్కడ దొరికితే అక్కడే గీసింది, తన లెక్కకి కుదిరేలా జరపలేదు. నేను రెండు రోజుల్లో రెండుసార్లు జరిపాను.

అందుకని ప్లానునే ఎ-త్రీ కాగితం మీద ప్రింటు తీశాను. ఆ ప్లాను అడుగుల్లో ఉంది. నా స్కేల్లో 100 అడుగులంటే 15.24 సెంటీమీటర్లు రావాలి. కొలిస్తే 14.6 వచ్చింది. ప్రింటరు తనంతట తానే కాగితానికి సరిపోయేలా కుదించేసింది. ఈ పని చేసేవాళ్ళెవరైనా ఉంటే చెప్తున్నా, ప్రింటు తీశాక ముందు స్కేలు గీతని కొలవండి. నూట యాభై రంధ్రాలు పొడిచాక కొలిస్తే లాభం లేదు.

సరిగ్గా వచ్చిన ప్రింటు పలక మీద పరిచి, పిన్నీసుతో ఒక్కో గుంత మీదా పొడిచాను. కాగితం తీసేస్తే తెల్లటి పలక మీద చిన్న చిన్న చుక్కలు, పక్క నుంచి వెలుగు పడితేనే కనిపిస్తాయి.

1925 డిసెంబరులో ఈ చోటుని మొదట గమనించిన ఇన్‌సాల్ అనే పైలట్‌కి కూడా ఇలాగే కనబడి ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో విక్టోరియా క్రాస్ అనే శౌర్యపతకం తెచ్చుకున్న మనిషి. కింద నుంచి చూస్తే అది దున్నేసిన చేను, మధ్యలో కాస్త ఎత్తు, ఏదో పాత సమాధి దిబ్బ అనుకునేవారు. పైనుంచి చూస్తే వలయం, దాని లోపల చుక్కలు. మరుసటి ఎండాకాలం గోధుమ ఎదిగాక ఫొటో తీస్తే ఇంకా స్పష్టంగా వచ్చాయి. మనకీ తెలిసిందే: పాత బావి పూడ్చిన చోట పైరు ఏపుగా, ముదురు పచ్చగా ఉంటుంది. ఇక్కడ కింద సుద్దరాయి, పైన జానెడు మట్టి. ఒకప్పుడు గుంత తీసి పూడ్చిన చోట మట్టి లోతు ఎక్కువ, తడి ఎక్కువ. గుంజ కుళ్ళిపోయి నాలుగువేల ఏళ్ళు దాటినా, గోధుమ మొక్క ఆ గుంతని చూపిస్తూనే ఉంది.

1926లో మాడ్ తవ్వకం మొదలుపెట్టింది. ఆ ఏడాదే ఆవిడకి యాభై ఏడు నిండాయి.

బుధవారం రాత్రి, ఆఫీసు తర్వాత

గట్టు చేశాను. బంకమట్టి తాడులా పేని, చుట్టూ పరిచి, అర సెంటీమీటరు ఎత్తుకి అదిమాను. కందకం ముందే బ్లేడుతో చెక్కేశాను. థర్మోకోల్ గుళ్ళు ఇల్లంతా, సాంబార్లో కూడా ఒకటి.

శుక్రవారం

గట్టు పగిలింది. ఆరేటప్పుడు మట్టి ముడుచుకుంటుందని తెలుసు, ఇంతగా అనుకోలేదు. నాలుగు చోట్ల వేలు పట్టేంత సందు. మా ఆయన "పూడ్చెయ్, ఎవరికి తెలుస్తుంది" అన్నాడు. పూడ్చడానికి మట్టి తడిపి కూర్చున్నదాన్ని ఆగాను, నాప్ హిల్ గుర్తొచ్చి.

నాప్ హిల్ వుడ్‌హెంజ్‌కి ఉత్తరాన, కొండ అంచున ఉన్న పాత మట్టిగట్టు. 1908లో, 1909లో మాడ్ అక్కడ తవ్వింది. ఆ గట్టులో కూడా సందులున్నాయి. అలాంటివి చూస్తే ఎవరికైనా ఏమనిపిస్తుంది? పశువులు తొక్కి, బళ్ళు నడిచి, వానకి కోసుకుపోయి పడ్డ సందులనే. మాడ్ గట్టుని చూడలేదు, కందకాన్ని చూసింది. గట్టులో సందున్న చోట దాని ఎదురుగా కందకంలో కూడా తవ్వకుండా వదిలేశారా? పార పెట్టి చూసింది. వదిలేశారు. అడుగున చెక్కుచెదరని సుద్దరాయి, ఎవరూ ముట్టనిది. అంటే అవి పాడైపోయి పడ్డ సందులు కావు, కట్టినవాళ్ళు కావాలని ఉంచుకున్న దారులు. రక్షణకి కట్టుకున్న గట్టుకి ఇన్ని దారులు ఎవరు పెట్టుకుంటారు? ఆవిడ అప్పుడే ఇది రాసి అచ్చు వేయించింది. ఇలాంటి గట్లు కొత్తరాతియుగం నాటివని, అవి వేరే రకం కట్టడాలని 1920లు దాటాక గానీ అందరికీ తేలలేదు.

నా నమూనాలో నాలుగు పగుళ్ళు. వాటి ఎదురుగా కందకం మాత్రం ఎక్కడా తెగకుండా సాగుతోంది. కాబట్టి అవి ఉత్త పగుళ్ళే. ఈశాన్యంలో గట్టూ తెగింది, కందకమూ తెగింది. అది దారి. మా వంటింటి బల్ల మీద నేనూ ఓ తవ్వకం చేసినట్టే.

పగుళ్ళు పూడ్చేశాను. దారి ఉంచేశాను.

మూడో శనివారం

గట్టుకి రంగు. ఇప్పుడక్కడ పచ్చిగడ్డి ఉంది గానీ, తవ్విన కొత్తలో సుద్ద కదా, తెల్లగా మెరిసిపోయి ఉంటుంది. ముగ్గుపిండి! అత్తయ్య ఊరి నుంచి సంక్రాంతికని తెచ్చిన పాకెట్టు ఉంది. ఫెవికాల్ రాసి, జల్లెడతో జల్లాం. ఈ మొత్తం ప్రాజెక్టులో మొదటిసారికే కుదిరిన పని ఇదొక్కటే.

ఆ ఉత్సాహంలో మధ్యలో పచ్చికకి గోరింటాకు పొడి వాడదామన్న దిక్కుమాలిన ఆలోచన నాదే. పొడిగా ఉన్నప్పుడు చక్కటి ఆకుపచ్చ. ఫెవికాల్ తడి తగిలి రెండు గంటలకి పేడరంగు. నా చేతి వేళ్ళు పదీ నారింజ రంగులో పండాయి. సోమవారం ఆఫీసులో ఎవరిదో పెళ్ళా అని అడిగితే చెప్పడానికి కథ అల్లుకోవాలి. గీకేసి, మామూలు పోస్టర్ రంగు వేశాను.

ఆదివారం

గుంజలు. మూడో వలయం, అంటే సీలో ఉన్న 16 గుంజలే లావువి, ఎత్తువి. వాటి గుంతలు రెండు మీటర్ల లోతు దాకా ఉన్నాయి. అంత లోతు గుంతలో నిలబడ్డ మాను నేల మీద ఏడున్నర మీటర్ల దాకా ఉండి ఉంటుందనీ, బరువు అయిదు టన్నులనీ అంచనా. అంత మానుని గుంతలోకి నిటారుగా దింపడం మాటలు కాదు. అందుకని గుంతకి ఒక పక్క వాలుగా కాలువలా తవ్వి, మానుని అందులోంచి జార్చి, తాళ్ళతో లాగి నిలబెట్టారు. ఆ వాలు దారులు కూడా మాడ్ ప్లానులో ఉన్నాయి. మనూళ్ళో ధ్వజస్తంభం ఎత్తేటప్పుడు చూసినవాళ్ళకి ఆ గోల, ఆ తాళ్ళు, ఆ కేకలు వేరే చెప్పక్కర్లేదు.

వీటికి కబాబు పుల్లలు 3.75 సెంటీమీటర్లకి కోశాను. మిగతా 140కి టూత్‌పిక్‌లు కొందామనుకుంటుంటే, అత్తయ్య దేవుడి గూటి పక్క డబ్బాలోంచి గుప్పెడు అగరబత్తి పుల్లలు తీసిచ్చారు. కాలిపోయాక మిగిలిన కాడలు, ఆవిడ ఏదీ పారెయ్యరు. సరిగ్గా సరిపోయింది లావు. నమూనా అంతా మల్లెపూల వాసన.

మధ్యలో ఒక చోట పుల్ల కాదు, నాలుగు చిన్న గులకరాళ్ళు పెట్టాలి. అక్కడ ఒక పసిపిల్ల సమాధి దొరికింది. పుర్రె రెండుగా చీలి ఉంది. బలి ఇచ్చారని మాడ్ రాసింది. మట్టి బరువుకి లేత పుర్రె దానంతటదే విడిపోయి ఉండొచ్చని తర్వాతివాళ్ళు అన్నారు. నాకూ ఇదే నమ్మబుద్ధేస్తుంది. ఇవాళ అక్కడికెళ్తే చెకుముకి రాళ్ళ చిన్న కుప్ప కనిపిస్తుంది, ఆ సమాధి గుర్తు.

అత్తయ్య గులకరాళ్ళు అందిస్తూ అడిగారు. "ఆవిడకి పిల్లలా?"

"ఒక్కడే అత్తయ్యా. యుద్ధంలో పోయాడు, 1918లో."

ఇంకేం అడగలేదు. రాళ్ళు మాత్రం తనే సర్దారు.

మంగళవారం

పని చెయ్యలేదు. ఆఫీసు. కానీ రాత్రి భోజనాల దగ్గర ఒక మాట వచ్చింది, అది రాసుకోవాలి.

"ఇంతా తవ్వి కాంక్రీటు పొయ్యడమేంటి, చోద్యం కాకపోతే" అన్నారు అత్తయ్య. నేనూ అలాగే అనుకున్నదాన్నే. కానీ ఇప్పుడు ఇంకోలా ఉంది. తవ్వకం అంటే ఒక్కసారి చదివి చింపేసే ఉత్తరం లాంటిది. గుంతలో మట్టి తీసేశాక ఆ గుంత ఇక ముందున్నట్టు ఉండదు. మాడ్ ఆరు వలయాలూ తెరిచింది. మూసి వెళ్ళిపోతే పదేళ్ళలో మళ్ళీ నాగలి వచ్చేది, చేనే మిగిలేది. ఆవిడా బెన్నూ ఆ నేలని కొని, ప్రతి గుంతలో దిమ్మె పాతించి, వలయాన్ని బట్టి తల మీద రంగు వేయించి, దేశానికి ఇచ్చేశారు. అందంగా లేదు, ఒప్పుకుంటాను. కానీ పుస్తకం ముట్టనివాడు కూడా ప్లానులో నడవొచ్చు. మావాడు ఎక్కి దూకింది ప్లాను మీదే.

అత్తయ్యది అమరావతి పక్క ఊరు. అక్కడి బౌద్ధ స్తూపం దిబ్బ, దీపాలదిన్నె కథ ఆవిడకి నాకంటే బాగా తెలుసు. 1797లో కంపెనీ సర్వేయరు మెకంజీ వచ్చేసరికే రాళ్ళ కోసం దిన్నె నడుమ తవ్వేసి ఉంది, పలకలు బళ్ళకెత్తి ఇళ్ళకీ గుళ్ళకీ తోలుకుపోయారు, ఏ పలక ఎక్కడిదో రాసినవాడు లేడు. "మన దిన్నెకి ఇలాంటి దిమ్మెలు పెట్టినా బావుండేది" అన్నారు చివరికి, పెరుగు కలుపుకుంటూ.

మాడ్ చేసిందంతా ఒప్పని కాదు. తొందరగా తవ్వేసేదని ఆవిడ మీద విమర్శ ఉంది. ఏవ్‌బరీ దగ్గర ఓవర్టన్ హిల్ మీద, 1720ల్లో స్ట్యూక్లీ అనే పాత కట్టడాల పరిశోధకుడు బొమ్మ గీసి పెట్టిన రాతి వలయం ఉండేది. ఆ తర్వాత రైతులు పగలగొట్టేశారు. చోటేదో కూడా మరిచిపోయారు. 1930లో ఆ బొమ్మ పట్టుకుని వెళ్ళి మాడ్ దాన్ని పట్టుకుంది, కొన్ని వారాల్లో మొత్తం తవ్వేసింది కూడా. 1999లో కొంత భాగం మళ్ళీ తెరిచి చూస్తే, రాళ్ళతో పాటు అక్కడున్న గుంజలు పదే పదే మార్చి పాతిన ఆనవాళ్ళు ఆవిడ లెక్కలోకి రాకుండా పోయాయని తేలింది. కానీ చూడండి, అవి పట్టుకున్నవాళ్ళకి చోటు చూపించినవి కూడా ఆవిడ దిమ్మెలే.

నాలుగో శనివారం

ఈ రోజు అప్పజెప్పాలి. పొద్దున లెక్కపెడితే 155. టెన్షన్. మళ్ళీ లెక్కపెట్టాను, 155. ప్లాను పెట్టి వలయం వలయం చూసుకుంటే బయటి వరసలో, దక్షిణం వైపు ఒక చుక్క ఖాళీ. వాక్యూమ్ క్లీనర్ సంచి విప్పితే థర్మోకోల్ గుళ్ళ మధ్య దొరికింది పుల్ల, తల మీద ఎర్ర రంగుతో సహా. రంగు వెయ్యకపోయి ఉంటే మామూలు అగరబత్తి కాడే అనుకుని పారేసేదాన్ని.

పేరు చీటీ మీద ఇంత రాశాను: వుడ్‌హెంజ్. తవ్విందీ, గీసిందీ, కొని కాపాడిందీ మాడ్ కనింగ్‌టన్. విల్ట్‌షైర్ పురావస్తు సంఘానికి 1930ల్లో అధ్యక్షురాలు, ఆ కుర్చీలో కూర్చున్న మొదటి ఆడమనిషి. 1951లో పోతూ ఆస్తి దాదాపు మొత్తం డివైజెస్ మ్యూజియానికి రాసిచ్చింది, జీతం ఇచ్చి క్యూరేటర్ని పెట్టుకోవడానికి ఆ డబ్బే ఆధారమైంది. మొగుడు ఎన్నో ఏళ్ళు ఊరికే చేసిన ఉద్యోగం అది. చివరి వాక్యం చీటీలో పట్టలేదు, ఇక్కడ రాసుకున్నాను.

లైబ్రరీలో మొదట వచ్చిన పెద్దాయన నమూనా మీదికి వంగి, గాలి పీల్చి, "మల్లెలా?" అన్నాడు.

తర్వాతి పని: ఓవర్టన్ హిల్. అక్కడ గుంజలకి గుండ్రటి దిమ్మెలు, రాళ్ళకి పలకల్లాంటివి, రెండు రకాలు పెట్టించింది. పలకలకి పెన్సిల్ రబ్బర్లు కోస్తే సరిపోతుందేమో చూడాలి. అత్తయ్యకి చెప్పి కాడలు దాచిపెట్టించాలి.